నెమ్మదిస్తే బరువెక్కే సైకిలు

నేను అబద్ధం ఆడలేదు. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు, అంతే. ఆ ఎండాకాలంలో పద్దెనిమిది రోజులు కుట్టు మిషను ముందు కూర్చుని నాకు నేను చెప్పుకున్న మాట ఇదే. చెప్పుకుని చెప్పుకుని చివరికి నాకే విసుగొచ్చింది.

మా ఆయన ఫైర్‌మన్. ఆరడుగుల పైన ఉంటారు కాబట్టి స్టేషన్లో అందరూ నిచ్చెన అని పిలుస్తారు. స్టేషన్ మా వీధి చివరే. బండి బయల్దేరితే మూడో అంతస్తులో మా కిటికీ అద్దాలు అదురుతాయి. తిరిగొచ్చేటప్పుడు, వెళ్ళినవాళ్ళంతా క్షేమంగా ఉంటే, డ్రైవరు మలుపులో రెండు పొట్టి హారన్లు కొడతాడు. అది రూలేం కాదు. ఇళ్ళల్లో చెవులు రిక్కించుకుని కూర్చునే మాలాంటి వాళ్ళ కోసం ఎప్పుడో ఎవరో మొదలుపెట్టిన అలవాటు. ఇరవై ఏళ్ళుగా ఆ రెండు హారన్లు వినపడ్డాకే నేను స్టవ్వు వెలిగిస్తాను.

ఆ ఎండాకాలం ఇంకా రాకముందే రంగుల గోడౌన్ తగలబడింది. బండి మలుపు తిరిగింది. హారన్ మోగలేదు.

లోపల మాస్కు పట్టీ తెగి ఆయన పొగ మింగారు. తొమ్మిది రోజులు ఆసుపత్రి, ఆ తర్వాత రెండు నెలల సెలవు. సెలవు అయ్యాక ఊరికే డ్యూటీలోకి తీసుకోరు, డిపార్టుమెంటు క్లినిక్‌లో సైకిల్ టెస్టు పాసవ్వాలి. నేనూ వెంట వెళ్ళాను. గది మధ్యలో చక్రాలు లేని సైకిలు ఒకటి, దాని పక్కన తెర. తెర ముందు ఒక టెక్నీషియన్ అమ్మాయి కూర్చుంది.

"నూట యాభై వాట్లు సార్. ఆరు నిమిషాలు ఆపకుండా తొక్కాలి."

"ఎంత స్పీడుగా తొక్కాలమ్మా?"

"మీ వీలును బట్టి తొక్కండి. మెషీన్ దానంతటది సర్దుకుంటుంది."

ఆ అమ్మాయి మంచిదే. కానీ ఆ ఒక్క మాట మా ఇంటిని ఆరు వారాలు తలకిందులు చేసింది.

మొదటి రెండు నిమిషాలు హాయిగా తొక్కారు. మూడో నిమిషంలో ఊపిరి బిగుసుకుంది. అప్పుడు ఆయన తనకు తెలిసిన పని చేశారు. మాస్కు వేసుకుని పొగలోకి వెళ్ళేవాడికి నేర్పే మొదటి పాఠం ఒకటుంది: ఊపిరి అందకపోతే కంగారుపడకు, అడుగు తగ్గించు, సిలిండర్లో గాలి మిగుల్చుకో. కొత్తగా చేరినవాళ్ళకు ఆ పాఠం చెప్పేదే మా ఆయన. అందుకే కాళ్ళ వేగం తగ్గించారు. కుదరలేదు. ఇంకా తగ్గించారు. తొడలు వణకడం మొదలైంది, మెడ నరాలు ఉబ్బాయి. నాలుగో నిమిషం దాటాక పెడల్ రాయిలా బిగుసుకుని ఆగిపోయింది. ఆయన దాన్నే చూస్తూ కూర్చుండిపోయారు.

డాక్టరు కాగితాలు తిరగేశాడు. "ఊదే పరీక్ష బాగుంది. ఎక్స్‌రే బాగుంది. ఊపిరితిత్తుల్లో నాకైతే లోపం కనపడట్లేదు. కానీ రూలు రూలే కదండీ. ఆరు వారాల తర్వాత ఇంకోసారి రండి. అప్పుడూ కాకపోతే స్టోర్స్‌లో వేస్తారు. పైపులు, నాజిల్స్ చూసుకుంటూ కూర్చోవచ్చు. జీతంలో తేడా ఏం ఉండదు లెండి."

బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నేను చెయ్యి పట్టుకున్నాను. పైకి ముఖం చిన్నబుచ్చుకున్నాను గానీ, లోపల నాకెంత సంతోషమేసిందో! దాచుకోవడం దేనికి? స్టోర్స్. కిటికీలు అదరవు. తొమ్మిదింటికి వెళ్ళి ఐదింటికి వచ్చేస్తారు. ఇంకేం కావాలి?

ఆయన ఊరుకునే రకం కాదు. మర్నాడే పక్కింటి వాళ్ళ పాత సైకిలు అడిగి తెచ్చారు. స్టేషన్ వెనక నీళ్ళ ట్యాంకు దగ్గరికి ఎత్తు రోడ్డు ఉంది. రోజూ పొద్దున్నే దాని మీద సాధన. బండి నడిపే డ్రైవరన్నయ్య డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాడు, చేతిలో స్టాప్‌వాచీతో. నన్ను చెల్లెమ్మా అని పిలుస్తాడు, మా ఆయన్ను మాత్రం నోటికొచ్చినట్టు తిడతాడు.

"ఒరేయ్ నిచ్చెనా, ఊపిరి పట్టేస్తే తగ్గించరా! తగ్గించు! ఎవరో తరుముతున్నట్టు ఆ తొక్కుడేంటి?"

ఆయన తగ్గించేవారు. నెమ్మదిగా, బరువుగా, ఒక్కో పెడల్ నొక్కుకుంటూ ట్యాంకు దాకా ఎక్కేసేవారు.

"చూశావా చెల్లెమ్మా! ఎక్కేశాడు. ఈసారి ఆ మెషీన్ నోరు మూసుకోవాల్సిందే."

నాకు గుండెల్లో రాయి పడేది. పైకి మాత్రం నవ్వి మంచినీళ్ళు ఇచ్చేదాన్ని.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను, తొక్కుడు మిషను మీద. పదో తరగతి మధ్యలో మానేశాను. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు వచ్చి నా స్పెల్లింగులు దిద్దడం మొదలుపెట్టేసరికి నాకు రోషం పొడుచుకొచ్చింది. ఆ ఏడాదే సాయంత్రం క్లాసుల్లో చేరాను. సైన్స్ చెప్పే మేడం నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను అక్కా అంటుంది. లెక్క చేశాక తనే దగ్గరికి వచ్చి నోట్సులో ఎర్ర పెన్నుతో టిక్కు పెడుతుంది, కింద తేదీ వేస్తుంది. ఆ తేదీ వెయ్యడం ఒక్క రోజు కూడా మరిచిపోదు మహాతల్లి.

టెస్టు పోయిన పది రోజులకు ఆవిడ బోర్డు మీద ఇలా రాసింది: సామర్థ్యం = బలం × వేగం.

"ఒకాయన సైకిల్ తొక్కుతున్నాడు. ఎన్ని వాట్లు అనుకుందాం?"

"నూట యాభై," అన్నాను. వేరే అంకె నా బుర్రలో లేదు అప్పుడు.

"సరే. పెడల్ ఒక చుట్టు తిరిగితే కాలు సుమారు మీటరూ ఏడు సెంటీమీటర్లు కదులుతుంది. సెకనుకు ఒక చుట్టు చొప్పున తొక్కితే, కాలు ఎంత బలం పెట్టాలి? వాట్లను వేగంతో భాగించండి."

భాగించాను. నూట నలభై న్యూటన్లు. పద్నాలుగు కిలోల బరువు మీద కాలు ఆన్చినట్టు, అంది మేడం.

"ఇప్పుడు వాట్లు అవే ఉంచి వేగం సగం చెయ్యండి. రెండు సెకన్లకు ఒక చుట్టు."

రెండు వందల ఎనభై వచ్చింది. తప్పు చేశాననుకుని కొట్టేసి మళ్ళీ చేశాను. మళ్ళీ అదే వచ్చింది. ఇరవై ఎనిమిది కిలోలు.

"మేడం, ఇదెలా కుదురుతుంది? నెమ్మదిగా తొక్కితే తేలికవ్వాలి కదా? మా వీధిలో ఎత్తు రోడ్డు అలాగే ఎక్కుతారు అందరూ."

"మామూలు సైకిల్ మీద నెమ్మదిస్తే వాట్లు కూడా తగ్గిపోతాయి అక్కా. అందుకే తేలిక. వాట్లు తగ్గకుండా పట్టి ఉంచే సైకిళ్ళు వేరే ఉంటాయి, ఆసుపత్రుల్లో. వాటి మీద నెమ్మదించేకొద్దీ పెడల్ బరువెక్కుతూ పోతుంది. ఎంత తగ్గిస్తే అంత బరువు. ఆఖరికి ఎవడైనా ఆగిపోవాల్సిందే."

మెషీన్ దానంతటది సర్దుకుంటుంది. ఆ అమ్మాయి గొంతు నా చెవిలో గింగురుమంది.

ఊపిరితిత్తులకేం కాలేదు. కాళ్ళకేం కాలేదు. ఇరవై ఏళ్ళు నేర్చుకుని, నలుగురికీ నేర్పిన పాఠమే ఆయన్ను అక్కడ ఆపేసింది. కాస్త వేగం పెంచితే చాలు, ఆరు నిమిషాలు గడిచిపోతాయి.

మేడం వచ్చి టిక్కు పెట్టింది, తేదీ వేసింది. "ఏంటక్కా, అలా అయిపోయారు?"

"ఏం లేదు. ఎండకు కళ్ళు తిరిగాయి."

ఆ సాయంత్రం మా ఆయన తలుపు తీస్తూ అడిగారు, "ఏం చెప్పారోయ్ ఇవాళ?"

"ఏదో... బలం, వేగం అంటూ."

"ఆ బలమేదో నాకూ కాస్త నేర్పొచ్చుగా. బొత్తిగా లేకుండా పోయింది ఇక్కడ."

"ముందు నన్ను పాసవనివ్వండి మహానుభావా," అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. నోట్సును గుడ్డముక్కల బుట్టలో అడుగున పెట్టాను. చెప్తే పాసవుతారు. పాసైతే బండెక్కుతారు. బండెక్కితే మళ్ళీ ఆ మలుపు, ఆ మోగని హారన్. ఒక్క లెక్క చెప్పకపోతే ఇంటికి మనిషి దక్కుతాడు. ఇందులో పాపమేముంది అనుకున్నాను. ఎవరి పాపం వాళ్ళకు చిన్నగానే కనపడుతుందేమో.

రోజులు గడిచాయి. ఎండలు ముదిరాయి, బండి రోజుకు రెండు మూడు సార్లు బయల్దేరేది. అద్దాలు అదిరినప్పుడల్లా ఆయన లేచి కిటికీ దగ్గర నిలబడేవారు. హారన్లు మోగాకే మళ్ళీ కూర్చునేవారు. ఇన్నాళ్ళూ ఆ కిటికీ దగ్గర నిలబడింది నేను కదా! ఒకే ఇంట్లో ఇద్దరం అదే చప్పుడు కోసం చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది, ఎవరి మీదో తెలిసేది కాదు. ఉత్తపుణ్యానికి అమ్మాయి మీద అరిచేదాన్ని.

సాధన కూడా తగ్గిపోయింది. ఒకరోజు డ్రైవరన్నయ్య కింద నుంచి ఎన్ని కేకలు వేసినా ఈయన వెళ్ళలేదు.

"ఏవండీ, ఆయన పిలుస్తున్నాడు."

"వద్దులే. ఎక్స్‌రేకి అందనిదేదో లోపల చెడింది. నాకు తెలుస్తోంది."

"ఏం చెడలేదు!" నోరు జారింది.

"నీకెలా తెలుసు?"

ఆయన నావైపే చూశారు. నాలుక కరుచుకున్నాను. "డాక్టరు చెప్పాడుగా," అన్నాను. ఆయన తల ఊపి అటు తిరిగి పడుకున్నారు. పట్టపగలు పడుకునే మనిషే కాదు.

పద్దెనిమిదో రోజు ఇద్దరం కూరగాయలు తీసుకుని వస్తున్నాం. ఆయన చేతిలో ఒక సంచి, ఐదు కిలోలు కూడా ఉండదు. రెండో అంతస్తు దాకా ఎక్కారు. మలుపులో మెట్టు మీద కూర్చున్నారు. సంచి పక్కన పెట్టి, గుండె మీద చెయ్యి వేసుకుని, గోడకు తల ఆన్చారు.

"నువ్వు పద. నేను వస్తా."

రొప్పడం లేదు. చెమట పట్టలేదు. ముసలివాళ్ళు జాగ్రత్త పడతారే, అలా కూర్చున్నారు. మెట్ల మీద మనిషిని భుజాన వేసుకుని దిగిన ఆయన, ఐదు కిలోల సంచితో కూర్చుండిపోయారు. నలభై ఆరేళ్ళకే. ఈ మనిషినేనా నేను దక్కించుకుందామనుకున్నది?

పైకి వెళ్ళాను. గుడ్డముక్కల బుట్ట బోర్లించాను. నోట్సు తీసుకుని కిందికి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.

"ఇది చూడండి."

"ఇప్పుడా? నీ హోంవర్కా?"

"హోంవర్కే. మీది."

చెప్పాను. మొదట్లో ఆయన బుర్రకు ఎక్కలేదు. లేపి ఇంట్లోకి తీసుకెళ్ళాను. ఒక చేతికి పద్నాలుగు లీటర్ల నీళ్ళున్న క్యాన్ ఇచ్చాను. అది దింపించి, ఇరవై లీటర్ల క్యాన్, దానితో పాటు ఎనిమిది లీటర్ల బకెట్ ఇచ్చాను.

"మొదటిది సెకనుకో చుట్టు తొక్కితే. రెండోది మీరు ఆగిపోయేముందు తొక్కినట్టు తొక్కితే. అదే మెషీన్, అవే వాట్లు. ఊపిరి అందట్లేదని మీరు తగ్గించారు, అది బరువు పెంచింది. మీరు ఇంకా తగ్గించారు, అది ఇంకా పెంచింది. మీ ఊపిరితిత్తులకు వచ్చిన రోగం ఇదీ."

ఆయన బకెట్ పట్టుకుని అలాగే నిలబడ్డారు. తర్వాత రెండూ కింద దింపి నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. "అయితే నాకేం కాలేదంటావ్?"

"ఏం కాలేదు."

"మరి నిమిషానికి డెబ్బై చుట్లు తొక్కితే?"

అన్ని వేగాలకూ అప్పటికే లెక్క చేసి పెట్టుకున్నాను కాబట్టి తడుముకోకుండా చెప్పాను. "నూట ఇరవై న్యూటన్లు. పన్నెండు కిలోలు."

"ఈ నోట్సు కొన్నాళ్ళు నా దగ్గర ఉంచుకుంటా," అని పేజీలు తిరగేశారు. నా చేతిరాత చూసి మురిసిపోతున్నారనుకున్నాను. పిచ్చిదాన్ని.

ఇంకా పద్నాలుగు రోజులు మిగిలాయి. డ్రైవరన్నయ్య సైకిల్ని మూడంతస్తులు మోసుకొచ్చి స్టాండు వేసి నా కుట్టు మిషను పక్కన నిలబెట్టాడు. ఆయనకు ఒంటరిగా డెబ్బై లెక్క కుదరదు. ఊపిరి బిగుసుకోగానే కాళ్ళు వాటంతటవే తగ్గిపోతాయి, ఇరవై ఏళ్ళ అలవాటు మరి. నా మిషనేమో గడియారం లాంటిది. మందపు గుడ్డ కుట్టేటప్పుడు నా పాదం నిమిషానికి సరిగ్గా డెబ్బై ఆడుతుంది, అమ్మాయి స్టాప్‌వాచీ పెట్టి మరీ చూసింది. రోజూ సాయంత్రం నేను కుట్టడం, నా పాదం చప్పుడు వింటూ ఆయన తొక్కడం. ఆయన తగ్గినప్పుడల్లా పాదం గట్టిగా నొక్కేదాన్ని. మెట్ల మీద మాత్రం రెండో అంతస్తు రాగానే ఇంకా కూర్చునేవారు. భయం అంత తొందరగా దిగేది కాదు.

టెస్టు రోజు శుక్రవారం. అదే గది, అదే అమ్మాయి. గోడకు బల్ల వేసి ఉంది, నన్ను అక్కడ కూర్చోమని, మాట్లాడకూడదని చెప్పింది. ఈసారి తెర నాక్కూడా కనపడుతోంది.

డెబ్బై రెండు. డెబ్బై. డెబ్బై ఒకటి. ఒక నిమిషం, రెండు, మూడు. చొక్కా వీపుకు అతుక్కుంది. నాలుగో నిమిషం కూడా దాటింది. నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

ఐదో నిమిషంలో ఆయన తల తిప్పి నావైపు చూశారు. కాళ్ళు తగ్గాయి. అరవై నాలుగు. యాభై ఎనిమిది.

"సార్, తగ్గుతోంది," అంది ఆ అమ్మాయి.

యాభై రెండు. తొడలు బిగుసుకోవడం కనపడుతోంది. నలభై ఎనిమిది. పెడల్ బరువెక్కుతోంది, ఎంత బరువో నాకు కిలోల్లో తెలుసు. ఆయన చూపు మాత్రం నామీద నుంచి కదల్లేదు. నేను ఊరుకుంటే చాలు. మాట్లాడొద్దని ఆ అమ్మాయే చెప్పింది. ఇంకో నిమిషం చేతులు కట్టుకుని కూర్చుంటే స్టోర్స్, పైపులు, ఐదింటికి ఇల్లు. ఈసారి నన్ను ఎవరూ వేలెత్తి చూపరు. ఆశ పుట్టింది నాకు, నిజంగానే పుట్టింది.

రెండో అంతస్తు మెట్టు గుర్తొచ్చింది.

నా చెప్పు నేలను తాకింది. టక్. మళ్ళీ టక్. మందపు గుడ్డ కుట్టే చప్పుడు. టెక్నీషియన్ అమ్మాయి నావైపు చిరాగ్గా చూసి మళ్ళీ తెర వైపు తిరిగింది. ఆయన కాళ్ళు అందుకున్నాయి. యాభై ఐదు, అరవై మూడు, డెబ్బై. ఆరు నిమిషాలయ్యాక కూడా నా పాదం ఆగలేదు. ఆ అమ్మాయి వచ్చి భుజం తట్టి, "అయిపోయిందండీ," అంటే ఆపాను.

డాక్టరు సంతకం చేశాడు. సోమవారం నుంచి డ్యూటీ.

బస్సులో అడిగాను. "ఐదో నిమిషంలో ఊపిరి అందలేదా?"

"అందింది."

"మరి తగ్గించారేం?"

ఆయన సంచిలోంచి నా నోట్సు తీశారు. పేజీ వెతుక్కోనక్కర్లేకపోయింది, అక్కడ మూల మడిచి ఉంది. ఎర్ర టిక్కు, దాని కింద తేదీ. ఆ తేదీ మీద వేలు పెట్టారు.

"ఇదెప్పుడు చూశారు?"

"నువ్వు చెప్పిన రోజే."

"పద్నాలుగు రోజులు మనసులో పెట్టుకున్నారా? అడగలేదేం?"

"ఇవాళ అడిగాగా."

ఒక స్టాపు దాటిపోయింది. అప్పుడు అర్థమైంది నాకు. నలభై ఎనిమిది దాకా దించి, నా కళ్ళల్లోకి చూసి, ఏం అడిగారో.

"నేను కాలు కదపకపోతే?"

"ఆగిపోయేవాణ్ణి. స్టోర్స్‌లో పైపులు చుట్టుకునేవాణ్ణి. నిన్ను ఒక్క మాట అనేవాణ్ణి కాదు."

"ఛీ! ఏం మనిషండీ మీరు! అలాంటిది అడిగే చోటా అది? నా ప్రాణం తోడేశారు కదా అక్కడ!" బస్సులో నలుగురూ తిరిగి చూశారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన నోట్సు మూసి నా ఒళ్ళో పెట్టారు.

"పద్దెనిమిది రోజులు ఎలా మోశావే అది?" అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది.

బస్సు దిగాం. ఆయన ముందు, నేను వెనక మెట్లెక్కాం. ఒకటో అంతస్తు, రెండో అంతస్తు. ఆయన అక్కడ ఆగలేదు. ఆ సంగతి తనకు తెలిసినట్టు కూడా లేదు. మూడో అంతస్తులో తాళంచెవుల చప్పుడు వినపడింది.

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. రెండో అంతస్తు మలుపులో, ఆయన కూర్చునే మెట్టు మీద కూర్చున్నాను. నోట్సు గుండెకు ఆన్చుకుని గోడకు తల వాల్చాను.

పై నుంచి ఆయన తొంగి చూశారు. "ఏమైంది?"

"మీరు పదండి. నేను వస్తా."

ఆయన లోపలికి వెళ్ళలేదు. మెట్లు దిగి వచ్చి పక్కన కూర్చున్నారు. ఇరుకు మెట్టు, భుజాలు రాసుకున్నాయి. వీధి చివర బండి బయల్దేరింది, మెట్ల కిటికీ అద్దం అదిరింది. ఇద్దరం చెవులు అటే పెట్టాం. ఆయన డ్యూటీ సోమవారం నుంచి. అప్పటికింకా శుక్రవారమే.